అనుభవం లేకుండా వర్చువల్ అసిస్టెంట్ పని: మొదటి క్లయింట్‌ను బస్సు దూరంలోనే వెతకండి

బీకాం పూర్తి చేసి అమలాపురంలో ఇంటి దగ్గరే ఉన్నానని, వర్చువల్ అసిస్టెంట్ పనికి, అంటే ఇంటి నుంచే వ్యాపారుల మెయిళ్ళూ ఆర్డర్లూ లెక్కలూ చూసిపెట్టే పనికి, ఎక్కడ దరఖాస్తు పెట్టినా అనుభవం అడుగుతున్నారని, అనుభవం అక్కర్లేదన్న ఒక్క సంస్థ మాత్రం ముందుగా రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమంటోందని, కట్టవచ్చా అని మీరు అడిగారు. కట్టకండి. పని గ్యారంటీ అని చెప్పి ముందే డబ్బు తీసుకునే వాళ్ళ దగ్గర పని ఉండదు. మా వీధిలో ఒక అమ్మాయి ఇలాగే డేటా ఎంట్రీ పనికి ఫీజు కట్టింది. ఇచ్చిన పేజీలన్నీ రాత్రింబగళ్ళు టైపు చేసి పంపాక, తప్పులు ఎక్కువగా ఉన్నాయని, ఒప్పందం ఉల్లంఘించినందుకు జరిమానా కట్టకపోతే కోర్టు నోటీసు వస్తుందని ఫోన్లు మొదలయ్యాయి. ఆ పిల్ల భయంతో అన్నం తినడం మానేసింది. చివరికి వాళ్ళ అన్నయ్య సైబర్ నేరాల నంబరు 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు చేశాడు. ఆ నంబరు మీ ఫోన్‌లో ఇప్పుడే దాచుకోండి. టెలిగ్రామ్‌లోకి రమ్మని, వీడియోలకు లైకులు కొడితే డబ్బులిస్తామని చెప్పేవాళ్ళదీ ఇదే దారి.

ఇక పని ఎలా దొరుకుతుందన్న అసలు ప్రశ్నకు నా సమాధానం ఒక్కటే. మీ మొదటి క్లయింట్ అమెరికాలో కాదు, మీ ఇంటి నుంచి బస్సులో వెళ్ళి రాగలిగే దూరంలో ఉన్నారు. కడియంలో మొక్కల నర్సరీల వాళ్ళకు ఇతర రాష్ట్రాల నుంచి వాట్సాప్‌లో ఆర్డర్లు వస్తాయి. ఆత్రేయపురంలో పూతరేకులు చేసేవాళ్ళు పార్సిళ్ళు పంపుతారు. భీమవరం చుట్టుపక్కల రొయ్యల వ్యాపారం చేసేవాళ్ళ ఫోన్లలో బిల్లులు, ఫోటోలు, వాయిస్ మెసేజ్‌లు గుట్టలుగా పడి ఉంటాయి. వీరిలో ఎవరూ వర్చువల్ అసిస్టెంట్ కావాలని ప్రకటన ఇవ్వరు. కాని ఆ గుట్టను సర్దిపెట్టే మనిషి కోసం వాళ్ళందరూ ఎదురుచూస్తున్నారు.

నాకు ఆ పని నరసాపురంలో దొరికింది. మా నాన్నగారికి తెలిసిన ఒక పెద్దాయన లేసు ఎగుమతి చేస్తారు. మా ప్రాంతంలో లేసు అల్లేది ఊళ్ళలోని ఆడవాళ్ళు; ఏజెంట్లు ఇంటింటికీ దారం ఇచ్చి, అల్లినవి తీసుకువస్తే, వాటిని ఉతికి, ఇస్త్రీ చేసి, సైజుల వారీగా కట్టి పంపుతారు. సరుకు సంగతి ఆయనకు చేతివేళ్ళ మీద ఉంటుంది గాని, మెయిల్ పెట్టె తెరవడమంటే బెంగ. "అమ్మాయ్, అందులో ఏముందో ఓసారి చూసి పెట్టు, నీకెంతివ్వాలో చెప్పు" అన్నారు. "ఆయ్, చూస్తానండి" అన్నాను. గోడౌన్ పైన ఉన్న గదిలో కూర్చుని చూస్తే, అమ్మకాల ప్రకటనల మధ్య నిజమైన ఎంక్వైరీలు నెలల తరబడి చదవకుండా పడి ఉన్నాయి.

అందులో డెన్మార్క్ నుంచి ఒకావిడ రాసిన మెయిళ్ళు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉన్నాయి. గుండ్రటి డాయిలీల (బల్ల మీద పరిచే చిన్న లేసు గుడ్డల) సైజు ఉతకకముందు కొలిచిందా, ఉతికాక కొలిచిందా అని ఆవిడ మొదట మర్యాదగా అడిగారు, తరువాత గుర్తుచేశారు, ఆ తరువాత ఇదే చివరిసారి అడగడమని రాశారు. నూలు లేసు నీళ్ళు తగిలితే ముడుచుకుంటుంది గనుక, బల్ల మీద పరిచే గుడ్డ కొనేవాళ్ళకు అది తెలియాల్సిందే. నేను కిందికి వెళ్ళి, పనిచేసే అక్కను అడిగి ఒక డాయిలీ తెచ్చుకుని, దాని పక్కన టేపు పరిచి ఫోటో తీశాను. దాన్ని చన్నీళ్ళలో ఉతికి, నీడలో ఆరబెట్టి, ఇస్త్రీ చేయించి, అదే బల్ల మీద అదే టేపుతో మళ్ళీ కొలిచి మరో ఫోటో తీశాను. అంగుళాల పక్కన సెంటీమీటర్లు కూడా రాశాను, ఎందుకంటే ఆవిడ మెయిళ్ళన్నింటిలోనూ సెంటీమీటర్లే ఉన్నాయి. ఆలస్యానికి క్షమాపణ ఒక్క వాక్యంలో చెప్పి, రెండు ఫోటోలూ, రెండు కొలతలూ పెట్టి, నరసాపురం క్రోషే లేసుకు 2024లో భౌగోళిక సూచిక (జీఐ ట్యాగ్) గుర్తింపు వచ్చిన సంగతి చివర చేర్చి, పెద్దాయనకు చదివి వినిపించి పంపించాను. ఆ సాయంత్రమే శాంపిళ్ళ కోసం జవాబు వచ్చింది.

వర్చువల్ అసిస్టెంట్ అంటే చేయాల్సింది ఇదే. అడిగినదేమిటో అర్థం చేసుకోవడం, దానికి కావలసిన వివరం ఎక్కడుందో వెళ్ళి తేవడం, ఎదుటివాళ్ళు మళ్ళీ అడగనక్కర్లేకుండా జవాబివ్వడం. ఆ తరువాత నేను గోడౌన్‌కు వెళ్ళడం క్రమంగా మానేసి, ఇంటి నుంచే ఆ మెయిళ్ళు చూడడం మొదలుపెట్టాను. పాస్‌వర్డ్ మాత్రం తీసుకోలేదు. జీమెయిల్ సెట్టింగ్‌లలో మన ఖాతాను మరొకరు చూసేందుకు అనుమతి ఇచ్చే సదుపాయం ఉంది; దానితో ఆయన ఖాతా ఆయనదిగానే ఉంటూ, నా లాగిన్‌తోనే నేను పని చేయగలిగాను. మీరు కూడా ఎవరి పాస్‌వర్డూ అడగకండి. కొత్తగా వచ్చిన మనిషి ఈ మాట తానే ముందుగా చెబితే, ఏ సర్టిఫికెట్టూ తీసుకురాలేని నమ్మకం కలుగుతుంది.

సర్టిఫికెట్ల మాట వచ్చింది గనుక నా బాధ కూడా చెబుతాను. ఇప్పుడు వర్చువల్ అసిస్టెంట్ కోర్సు పేరుతో వేలకు వేలు వసూలు చేస్తున్నారు. మా అమ్మ పాలకొల్లులో టైపు హయ్యర్ పాసైంది. ఆ ఇన్‌స్టిట్యూట్‌లో అక్షరాల వేగంతో పాటు వ్యాపార జాబు ఎలా మొదలుపెట్టాలి, తేదీ ఎక్కడ వేయాలి, పట్టిక ఎలా కొట్టాలి అన్నవన్నీ నేర్పేవారట. నాకు ఉత్తరం రాయడం వచ్చింది ఆవిడ దగ్గరే. నా డిగ్రీ మూడేళ్ళలో ఒక్క మెయిల్ రాయించిన మాస్టారు లేరు. ఎక్సెల్ గురించి పరీక్షలో జవాబు రాశాం గాని ఎక్సెల్ తెరిచి లెక్క వేయలేదు. పిల్లలు చేతకానివాళ్ళని నిందించే పెద్దలు ఈ సంగతి ముందు ఆలోచించాలి. గూగుల్ షీట్స్, క్యాలెండర్, క్యాన్వా వంటివి ఉచితంగానే దొరుకుతాయి. ఎవరికీ డబ్బు కట్టకుండా, మీ ఇంట్లోని కరెంటు బిల్లులూ, పాల లెక్కలూ షీట్‌లో పెట్టి సాధన చేయండి.

ఆ డెన్మార్క్ ఆవిడకు సొంతంగా ఆన్‌లైన్ దుకాణం ఉంది. కొన్నాళ్ళు గడిచాక, ఈ మెయిళ్ళు రాసేది ఎవరని అడిగి, పెద్దాయన అనుమతితోనే, తన దుకాణానికి వచ్చే మెయిళ్ళు కూడా చూడగలవా అన్నారు. నా మొదటి విదేశీ క్లయింట్ ఆవిడే. మన అమ్మాయిలు అమెరికా పని కోసమే చూసి రాత్రి నిద్ర పాడుచేసుకుంటారు గాని, ఐరోపా మనకు ఎంతో అనువైనది. డెన్మార్క్‌లో ఉదయం 9 గంటలంటే మనకు వేసవిలో మధ్యాహ్నం 12.30, చలికాలంలో 1.30. న్యూయార్క్‌లో అదే 9 గంటలకు మనకు సాయంత్రం 6.30 గాని 7.30 గాని అవుతుంది. రాత్రిపూట ఆడపిల్ల కంప్యూటర్ ముందు ఏం చేస్తోందని చుట్టాలు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాల్సిన అవసరం కూడా ఐరోపా పనిలో తప్పుతుంది. ఆ ప్రశ్నలు నన్ను చాలా బాధపెట్టాయి.

మన కోనసీమలోనూ, పశ్చిమ డెల్టాలోనూ ఉండే మరో ఇబ్బంది కరెంటు. 2025 అక్టోబరులో మొంథా తుపాను మన తీరం వైపు వస్తోందని తెలియగానే, నేను చేతిలో ఉన్న పనిని ముందే ముగించి, తుపాను వస్తోందని, కరెంటు పోతే నా జవాబు ఆలస్యమవుతుందని, అత్యవసరమైనవి ఏవో ఇప్పుడే చెప్పమని ఆవిడకు రాశాను. కరెంటు లేని సమయంలో ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు. మాట ముందుగా చెప్పేవాళ్ళను ఎవరూ వదులుకోరు.

ఆన్‌లైన్‌లో పనులు వెతుక్కునే అప్‌వర్క్, ఫైవర్ సైట్లు వద్దని నేను అనను, కాని వాటితో మొదలుపెట్టకండి. ఫైవర్ మన సంపాదనలో 20 శాతం తీసుకుంటుంది. అప్‌వర్క్‌లో ప్రతిపాదన పంపాలంటే కనెక్ట్‌లు అనే టోకెన్లు ఖర్చవుతాయి. చూపించడానికి చేసిన పని ఏదీ లేకుండా అక్కడికి వెళితే ఆ ఖర్చు వృథా. ముందు ఈ వారమే మీకు తెలిసిన ఒక వ్యాపారి దగ్గరికి అమ్మనో నాన్ననో తోడు తీసుకుని వెళ్ళండి. ఉద్యోగం అడగకండి. "మీకు వచ్చే ఆర్డర్లన్నీ ఒక షీట్‌లో పెట్టి, ఎవరికి జవాబు ఇవ్వాలో, ఎవరి దగ్గర డబ్బు రావాలో రోజూ సాయంత్రం ఒక మెసేజ్‌లో పంపిస్తానండి, ఒక నెల చూసి నచ్చితే కొనసాగించండి" అని చెప్పండి. ఉచితంగా మాత్రం చేయకండి. తక్కువైనా సరే, అంకె ముందే చెప్పి, పదిహేను రోజులకోసారి తీసుకోండి. నెల తిరిగేసరికి, అంతకుముందు ఆ లెక్కలు ఎలా ఉండేవో, మీరు సర్దాక ఎలా ఉన్నాయో, కొనుగోలుదారుల పేర్లూ ఫోన్ నంబర్లూ తీసేసి, ఆయన అనుమతితో ఒక పేజీలో పెట్టుకోండి. అనుభవం అడిగిన ప్రతివారికీ ఆ పేజీ పంపండి. విదేశీ డబ్బు రావడం మొదలైతే, బ్యాంకు గాని చెల్లింపు సంస్థ గాని ఇచ్చే రసీదు ప్రతిదీ దాచుకోండి, ఆదాయపు పన్ను రిటర్ను వేసేటప్పుడు అవి కావాలి. జీఎస్టీ గురించి ఎవరైనా భయపెడితే పట్టించుకోకండి. ఏడాదికి 20 లక్షల లోపు సేవలకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు.