అవ్వ నోట బాండికూట్

చెన్నై

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ చదివాను, కథనం బాగుంది. అయితే షావుకారుపేట ధాన్యపు కొట్లో నెల్లూరు అవ్వ దీపం ఎత్తి పట్టుకుని "అదిగో బాండికూట్!" అని కేక వేసినచోట నా చదువు ఆగిపోయింది.

ఆ మాట ఇంగ్లీషులోకి వెళ్లింది అవ్వ భాషనుంచే. మన పందికొక్కే దొరల నోట బాండికూట్ అయింది. అది తెలుగు మాటేనని, పంది ఎలుక అని దాని అర్థమని 1886లో అచ్చయిన యూల్, బర్నెల్‌ల హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు స్పష్టంగా చెప్పింది. జంతుశాస్త్రజ్ఞులు ఆ ప్రజాతికి బాండికోటా అని పేరు పెట్టుకున్నారు. అంతటితో ఆగక, ఆస్ట్రేలియాకు వెళ్లిన తెల్లవాళ్లు అక్కడ పొడుగు మూతితో నేల తవ్వుతూ కనిపించిన, కడుపు సంచిలో పిల్లల్ని మోసే, ఎలుకతో ఏ చుట్టరికమూ లేని జంతువుకూ అదే పేరు తగిలించారు. అక్కడి వాడుకలో అది క్రియ కూడా అయింది: పైన మొక్క కదలకుండా అడుగున బంగాళాదుంపలు తవ్వి దొంగిలించడాన్ని బాండికూటింగ్ అంటారు. పందికొక్కులకు వేరుశనగ చేను పోగొట్టుకున్న మన రైతుకు ఆ ప్రయోగాన్ని ఎవరూ విడమర్చి చెప్పనక్కరలేదు. ప్రజల సొమ్మును పందికొక్కుల్లా మేస్తున్నారని మనం తిట్టే తిట్టులోని కసి మాత్రం బాండికూట్‌కు ఏనాటికీ రాదు.

జార్జిటౌన్ అచ్చుకూటంలో ప్రూఫులు దిద్దుతూ, కాగితపు కట్టలు కొరికే పందికొక్కుల మధ్యనే కథలు రాసుకున్న రోజుల్లో, ఒక వారపత్రిక సంపాదకుడు నా కథలో పందికొక్కు అన్న మాట కొట్టేసి "మూషికం" అని దిద్దాడు. మర్యాదస్తుల ఇళ్లకు వెళ్లే పత్రిక కదా అని సమర్థించుకున్నాడు కూడా. వినాయకుడి వాహనం బియ్యం బస్తాలు కొరికినట్టు అచ్చయిన ఆ కథను నేను ఎవరికీ చూపించలేదు. ఆయన తరానికి సంస్కృతం మర్యాద, ఇప్పటి సంపాదకులకు ఇంగ్లీషు మర్యాద. పాత్ర నోటిలో ఏ మాట పలుకుతుందో వినే ఓపిక ఇద్దరికీ లేదు.

అవ్వ మనవడు బాండికూట్ అంటే నాకు అభ్యంతరం లేదు. క్రాష్ బాండికూట్ వీడియో గేము 1996లోనే వచ్చింది, వాడు ఆ మాట అక్కడ నేర్చి ఉంటాడు. అవ్వ ఇక్కడే పుట్టి పెరిగినదైతే తమిళంలో పెరుచ్చాళి అన్నా నమ్ముతాను.

ఏ పత్రికకు పంపాలని అడిగావు. ముందు ఆ పేజీ తిరగరాసి నాకు పంపు. అవ్వ కేక విన్నాక మనవడు ఏమన్నాడో కూడా రాయి. ఇప్పుడు వాడు ఊరికే నిలబడి ఉన్నాడు.