కాలి కండరాలపై మెదడు అదుపును అయస్కాంతంతో ఎలా కొలుస్తారు?

నడినెత్తిన తీగచుట్ట ఉంచి ఒక్క క్షణం అయస్కాంత పల్స్ (క్షణికమైన తాకిడి) పంపి, దాని ప్రభావం కాలి కండరానికి ఎంతసేపట్లో, ఎంత బలంగా చేరిందో కండరంపై అంటించిన ఎలక్ట్రోడ్లతో కొలుస్తారు.

వేగంగా మారే అయస్కాంత క్షేత్రం పుర్రెను దాటి మెదడులో స్వల్ప విద్యుత్తు పుట్టిస్తుంది. ఆ సంకేతం వెన్నుపాము మీదుగా కిందికి దిగుతుంది. 1985 నుంచి ఉన్న పద్ధతే ఇది. చేతికి చేయడం సులువు. కాలిని నడిపే భాగం మాత్రం మెదడు రెండు అర్ధగోళాల నడుమ చీలికలో లోతుగా ఉంటుంది. అందుకే లోతుకు చేరేలా కోణంగా వంచిన జంట చుట్ట వాడతారు.

ఉదాహరణకు, పక్షవాతం వచ్చి తగ్గాక అమీర్‌పేట మెట్రో మెట్లెక్కుతుంటే కాలి మునివేళ్లు మెట్టు అంచుకు తగులుతున్నాయనుకోండి. పాదాన్ని పైకెత్తే కండరంపై, అంటే మోకాలి దిగువన ముందువైపు, ఎలక్ట్రోడ్లు అంటిస్తారు. టక్కుమని చుట్ట మోగిన సుమారు 30 మిల్లీసెకన్లకు ఆరోగ్యవంతులలో తెరపై అల లేస్తుంది. పొడగరులకు కాస్త ఆలస్యమవుతుంది. అల బాగా ఆలస్యమైనా, చిన్నదైనా దారి దెబ్బతిని ఉండవచ్చు.

అల రాకపోతే మెదడుకూ కాలికీ సంబంధం తెగిపోయిందని చాలామంది భయపడతారు. అది పొరపాటు. కాలు వదులుగా ఉంటే ఆరోగ్యవంతులలోనూ ఒక్కోసారి అల రాదు. పాదాన్ని కొద్దిగా పైకి లాగిపట్టమని చెప్పి మళ్లీ చూస్తారు.