మోటరు కాలింది సార్, మావాడిని ఏం చదివించాలి?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. మావాడు పదో తరగతి. బడి నుంచి రాగానే పాత చార్జర్లు, రేడియోలు విప్పి ముందేసుకుంటాడు. ఆర్డునో బోర్డు (ప్రోగ్రాము రాసి నడిపే చిన్న సర్క్యూట్ బోర్డు), సిమ్ పెట్టే చిన్న మాడ్యూలు తెప్పించుకుని, ఇంటి నుంచి ఫోన్ కొడితే బోరు మోటరు ఆన్ అయ్యేలా చేశాడు. నెల రోజులు బాగానే నడిచింది. మొన్న మోటరు కాలిపోయింది. పైకి తీయించడానికి, రివైండింగ్‌కు చాలా ఖర్చయింది. కోపమొచ్చి ఆ సామానంతా అటక మీద పడేశాను. వాడు రెండు రోజులుగా సరిగ్గా అన్నం తినడం లేదు. ఈ పిచ్చి మాన్పించి ఇంటర్ ఎంపీసీలో చేర్పించాలా?

జవాబు: ముందు ఆ సామాను అటక మీద నుంచి దించండి. పత్తికి నీళ్లు కావాల్సిన రోజుల్లో మోటరు కాలితే ఎంత టెన్షనో నాకు తెలుసు. కానీ మీవాడు చేసినది చిన్న పని కాదు. ఆ సిమ్ మాడ్యూలు నెట్‌వర్క్ వెతికేటప్పుడు క్షణం పాటు 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. ఆర్డునో బోర్డు నుంచే కరెంటు ఇస్తే ఆరిపోతూ, మళ్లీ వెలుగుతూ ఉంటుంది. చాలామంది పిల్లలు అక్కడే విసిగి వదిలేస్తారు. నెల రోజులు నడిపాడంటే ఆ చిక్కు దాటాడన్నమాట. ఎలా దాటావురా అని ఒకసారి అడగండి, అన్నం కూడా తింటాడు.

ఇక మోటరు సంగతి. నా అనుమానం, మోటరుకు వచ్చే మూడు ఫేజుల కరెంటులో ఒక ఫేజు పోవడం మీదే. రెండు ఫేజులే ఉన్నప్పుడు ఆన్ చేస్తే మోటరు తిరగలేక కరెంటు ఎక్కువ లాగి కాలుతుంది. మీరు స్టార్టర్ డబ్బా దగ్గర ఉంటే మీటర్ ముల్లు పైకి లేవడం చూసి ఎర్ర బటన్ నొక్కేవారు. వాడి బోర్డు ఆ ముల్లును చూడదు. ఒక ఫేజు పోగానే మోటరును ఆపేసే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ లేకుండా దూరం నుంచి మోటరు వేయకూడదు. ఇంకొకటి, వాడి బోర్డు చెప్పినట్టు స్విచ్చులా పనిచేసే నీలం డబ్బీ ఉంటుంది, దాన్ని రిలే అంటారు; దాని మీద ఏం రాసి ఉందో చదవమనండి. మామూలుగా 10 ఆంపియర్లు, 250 వోల్టులు అని ఉంటుంది. చాలా స్టార్టర్లలో స్విచ్చును పట్టి ఉంచే కాయిల్ రెండు ఫేజుల మధ్య ఉంటుంది, అంటే 415 వోల్టులు. ఆ రిలే దానికి సరిపోదు. మోటరు పోతే బాగు చేయించుకోవచ్చు. పిల్లవాడి చెయ్యి తగిలి ఉంటే?

అందుకే నా సలహా పాలిటెక్నిక్, అందులోనూ ఈఈఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్). ఎలక్ట్రానిక్స్ అంటే అందరూ ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్) అంటారు. కానీ చిప్పుల పని ఇంట్లో 5 వోల్టుల మీద నేర్చుకోవచ్చు, మీవాడు ఇప్పటికే నేర్చుకుంటున్నాడు. 415 వోల్టుల పని మాత్రం ల్యాబులో, సార్ పక్కన ఉండగానే నేర్చుకోవాలి. ఈ రెండూ కలిసి వచ్చినవాడికి పంపుల కంపెనీల్లో, ఫ్యాక్టరీల ఆటోమేషన్‌లో, సోలార్‌లో పని ఉంటుంది. నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో ప్రభుత్వ పాలిటెక్నిక్‌లు ఉన్నాయి. వాటిలో చేరడానికి రాసే పాలిసెట్ పరీక్షలో 120 మార్కులకు 60 లెక్కలవే కాబట్టి, పరీక్ష అయ్యేదాకా రోజూ సాయంత్రం మొదట లెక్కలు, తర్వాతే బోర్డు అని ఒప్పందం చేసుకోండి. మూడేళ్ల డిప్లొమా తర్వాత ఈసెట్ ప్రవేశ పరీక్ష రాస్తే బీటెక్ రెండో సంవత్సరంలోనే చేరవచ్చు. లెక్కల్లో మరీ చురుకైతే ఎంపీసీ కూడా తప్పేమీ కాదు. కాకపోతే ఆ రెండేళ్లు చేతికి టంకం కడ్డీ దొరకడం కష్టం.

డిప్లొమాలో చేరేదాకా వాడి ప్రయోగాలు 12 వోల్టుల బ్యాటరీ, బల్బు దాటకూడదు. స్టార్టర్ డబ్బా మూత తీయనే కూడదు. ఏ వైరు ఎక్కడ కలిపాడో, ఎందుకు పని చేయలేదో నోటుబుక్కులో రాయమనండి. సెలవుల్లో హైదరాబాద్ వస్తే రాయదుర్గంలో 2023లో ప్రారంభమైన టీ-వర్క్స్ (కొత్త పరికరాల నమూనాలు తయారుచేసుకునే కేంద్రం) బయటి నుంచైనా చూపించండి.

అంతకంటే ముందు, వచ్చే ఆదివారం రివైండింగ్ షాపుకు వాడిని వెంట తీసుకెళ్లండి. ఒక ఫేజు పోయి కాలిన మోటరులో కొన్ని కాయిల్స్ మాడి, కొన్ని బాగానే ఉంటాయి. మీ మోటరులో ఎలా ఉన్నాయో మేస్త్రీని వాడినే అడగనివ్వండి.