జావా పల్లెలో అత్తారింటి పక్కన ఇల్లు: బావమరిది పేరున కొనొచ్చా?

ప్రశ్న: నా వయసు 38. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, చేతికి నెలకు 2.1 లక్షలు వస్తుంది. నా భార్యది ఇండోనేషియా. మధ్య జావాలోని క్లాటెన్ జిల్లాలో ఒక పల్లెటూరు. సింగపూర్‌లో పనిచేసేటప్పుడు పరిచయమయ్యాం. 2017లో హైదరాబాద్‌లోనే స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద పెళ్లి చేసుకున్నాం. తనకు ఇండోనేషియా పాస్‌పోర్టు, ఇక్కడి ఓసీఐ కార్డు ఉన్నాయి. ఐదేళ్ల పాప. మా అత్తగారింటి పక్కన 400 చదరపు మీటర్ల స్థలం, అందులో పాత చెక్క ఇల్లు అమ్మకానికి వచ్చాయి. 35 కోట్ల రూపియాలు అడుగుతున్నారు, అంటే మన డబ్బుల్లో దాదాపు 19 లక్షలు. బాగు చేయించడానికి ఇంకో 9 లక్షలు అవుతుంది. ఏడాదికోసారి వెళ్లినప్పుడు ఉండొచ్చు, రిటైరయ్యాక సగం ఏడాది అక్కడే గడపాలని కోరిక. విదేశీయుడికి భూమి రాయరు కాబట్టి తన పేరున కొందామని బావమరిది అంటున్నాడు. లేకపోతే మా ఆవిడ ఐడీ కార్డులో ఇంకా పెళ్లి కాలేదనే ఉంది, ఆ కార్డుతో తన పేరునే కొనేయమంటున్నాడు. మ్యూచువల్ ఫండ్లలో 14 లక్షలు, ఎఫ్‌డీలో 10 లక్షలు, పీఎఫ్‌లో 18 లక్షలు ఉన్నాయి. హోమ్ లోన్ ఇంకా 38 లక్షలు, ఈఎంఐ 41 వేలు. ఫండ్లు, ఎఫ్‌డీ తీసేసి, తక్కువైన 4 లక్షలకు పర్సనల్ లోన్ పెడదామనుకుంటున్నాను. ఏమంటారు?

జవాబు: మీ కోరికలో తప్పేమీ లేదు. మీ పాపకు అమ్మమ్మ ఊరు, అమ్మమ్మ భాష దక్కాలంటే అక్కడ మీకంటూ ఒక గడప ఉండటం మంచిదే. కానీ బావమరిది చెప్పిన రెండు దారుల్లో ఏ దారిలోనూ రూపాయి కూడా పంపకండి. ఇల్లు కొనండి, మీ భార్య పేరున కొనండి, కాకపోతే దానికి ముందు చేయాల్సిన పని ఒకటుంది. అది పూర్తయ్యేదాకా ఆగండి.

ముందు చట్టం సంగతి. ఇండోనేషియాలో పూర్తి యాజమాన్య హక్కును హక్ మిలిక్ అంటారు. 1960 నాటి భూమి చట్టం 21వ అధికరణం ప్రకారం అది ఆ దేశ పౌరులకే చెందుతుంది. 26వ అధికరణం ఇంకా కఠినం. విదేశీయుడికి నేరుగా గానీ, వేరేవాళ్లను అడ్డం పెట్టుకుని గానీ ఆ హక్కు చేరేలా చేసిన కొనుగోలు చెల్లదు. భూమి ప్రభుత్వపరం అవుతుంది. ఇచ్చిన డబ్బు తిరిగి అడిగే హక్కు కూడా ఉండదు. బావమరిది పేరున కొని, పక్కన అప్పు పత్రమో పవర్ ఆఫ్ అటార్నీయో రాయించుకుంటే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. గొడవ కోర్టుకెక్కితే ఆ పక్క కాగితాలే ఇది బినామీ వ్యవహారమని చెప్పడానికి సాక్ష్యమవుతాయి. మీ బావమరిది మనసు మంచిదే అనుకుందాం. రేపు ఆయనకు అప్పులైతే బ్యాంకు ఆ స్థలం మీదకే వస్తుంది. ఆయన లేకపోతే ఆ స్థలం ఆయన భార్యాపిల్లలది. ఆయన మీద నమ్మకం ఉన్నంత మాత్రాన వీటిలో ఏదీ ఆగదు.

పెళ్లి కాలేదని ఉన్న కార్డుతో కొనడం దీనికంటే ప్రమాదం. అక్కడి 1974 వివాహ చట్టం ప్రకారం పెళ్లి తర్వాత సంపాదించిన ఆస్తి భార్యాభర్తల ఉమ్మడి ఆస్తి. మీరు విదేశీయుడు కాబట్టి ఆ ఉమ్మడి వాటా వల్ల మీ భార్య హక్ మిలిక్ కూడా చిక్కులో పడుతుంది. అలా దక్కిన హక్కును ఏడాదిలోపు వదులుకోవాలి, లేదంటే ప్రభుత్వానికి పోతుంది. పైగా అధికారి ముందు రాసే దస్తావేజులో అబద్ధం చెప్పించడం అక్కడా నేరమే. ఇరవై ఏళ్ల తర్వాత అమ్మాలన్నా, పాపకు ఏమైనా చేయాలన్నా ఆ అబద్ధం మళ్లీ అడ్డొస్తుంది.

దీనికి సరైన దారి ఉంది. ఆస్తులు వేరుగా ఉంచుకుంటామని భార్యాభర్తలు రాసుకునే ఒప్పందాన్ని అక్కడ పెర్‌జాంజియన్ పిసా హర్తా అంటారు. ఒకప్పుడు దీన్ని పెళ్లికి ముందే రాసుకోవాల్సి వచ్చేది. పరాయి దేశస్థులను పెళ్లాడిన ఎంతోమంది ఇండోనేషియా స్త్రీలు ఈ ఒక్క కారణంగా సొంత ఊళ్లో సొంత ఇల్లు కొనుక్కోలేకపోయారు. వాళ్లలో ఒకామె వేసిన కేసులో రాజ్యాంగ న్యాయస్థానం 2016లో తీర్పిచ్చింది, 69వ నంబరు తీర్పుగా అది ప్రసిద్ధం. అప్పటినుంచి పెళ్లి తర్వాత కూడా ఈ ఒప్పందం రాసుకోవచ్చు. మీకు కావాల్సింది ఇదే.

ఇక వరుస. ముందు ఇక్కడ మీ మ్యారేజ్ సర్టిఫికెట్‌కు విదేశాంగ శాఖ అపోస్టిల్, అంటే విదేశాల్లో చెల్లేలా చేసే ధ్రువీకరణ ముద్ర, వేయించండి. ఇండోనేషియా 2022 నుంచి అపోస్టిల్ ఒప్పందంలో ఉంది కాబట్టి ఎంబసీల చుట్టూ తిరిగే పని తగ్గింది. అక్కడికి వెళ్లాక గుర్తింపు పొందిన అనువాదకుడితో ఇండోనేషియా భాషలోకి మార్పించి, క్లాటెన్‌లోని పౌర నమోదు కార్యాలయంలో, దుక్‌చాపిల్ అంటారు, పెళ్లి సంగతి నమోదు చేయించండి. దేశానికి తిరిగొచ్చాక గడువులోపు చేయాలని నిబంధన. ఆలస్యమైనా చేయించుకోవడం మేలు. దాంతో మీ భార్య ఐడీ కార్డులో, దాన్ని అక్కడ కేటీపీ అంటారు, వివరం సరవుతుంది. ఆ తర్వాత నోటారిస్ (ఒప్పందాలు రాసే అధికారి) దగ్గర ఆస్తుల ఒప్పందం రాయించి, దాన్ని కూడా దుక్‌చాపిల్‌లో నమోదు చేయించాలి. స్థలం రిజిస్ట్రేషన్ తేదీ ఈ నమోదు తర్వాతిది కావాలి. ముందు కొనేసి తర్వాత ఒప్పందం చూసుకుందాం అనుకోవద్దు.

ఇలా కొన్న ఇంట్లో మీకు చట్టప్రకారం పైసా వాటా ఉండదు. డబ్బు మీదే అయినా సరే. ఇది మీకు సమ్మతమైతేనే ముందుకెళ్లండి. భార్యకు ఇచ్చిన బహుమతి అనుకుని మనస్ఫూర్తిగా ఇవ్వగలిగినంతే ఈ ఇంటి మీద పెట్టండి. అలాగే తను ఇండోనేషియా పౌరసత్వం వదులుకోకూడదు. భారత పౌరసత్వం తీసుకుంటే ఆ ఏడాది నుంచే భూమి వదులుకోవాల్సిన లెక్క మొదలవుతుంది. ఓసీఐ పౌరసత్వం కాదు కాబట్టి ఇప్పుడున్న ఏర్పాటు బాగుంది, అలాగే ఉంచండి. పాప విషయానికొస్తే, 2006 పౌరసత్వ చట్టం ఇలాంటి పిల్లలకు 18 నిండాక, 21 లోపు ఏదో ఒక దేశాన్ని ఎంచుకోమంటుంది. పాప భారతదేశాన్ని ఎంచుకుంటే వారసత్వంగా వచ్చిన ఆ స్థలాన్ని తనూ ఏడాదిలో అమ్మాలి. కాబట్టి దీన్ని తరతరాల ఆస్తిగా లెక్క వేసుకోకండి. మీ ఇద్దరి జీవితకాలానికి ఒక ఇల్లు అనుకోండి.

ఇక స్థలం. యజమాని చేతిలో సెర్టిఫికాట్, అంటే భూమి కార్యాలయం ఇచ్చిన హక్కు పత్రం, ఉందా, లేక ఊరి ఆఫీసులోని లెటర్ సి పుస్తకంలో పేరు మాత్రమే ఉందా? జావా పల్లెల్లో ఈ తేడా చాలా పెద్దది. లెటర్ సి పన్ను లెక్క కోసం ఎప్పుడో తాతల కాలంలో రాసిన రికార్డు. యజమాని పోయి పదేళ్లయినా పేరు మారదు, వారసుల్లో ఒకరు జకార్తాలో, ఒకరు సుమత్రాలో ఉంటారు. వాళ్లందరి సంతకాలు లేకుండా ఒక్కరు అమ్మితే మీకు తలనొప్పి తప్పదు. పైగా ఇలాంటి పాత కాగితాలను రిజిస్టర్ చేయించుకోవడానికి 2021 నాటి నిబంధన ఐదేళ్ల గడువే ఇచ్చింది. ఆ గడువు దాటాక అవి హక్కుకు రుజువుగా నిలవవు. సెర్టిఫికాట్ ఉంటే దాని నకలును భూమి కార్యాలయంలో సరిచూడమని పీపీఏటీని అడగండి. భూమి దస్తావేజులు రాసే అధికారిని అలా అంటారు. మనం ఈసీ తీయించినట్టే, అప్పు గానీ కేసు గానీ ఉంటే అక్కడ బయటపడుతుంది.

స్థలం ఏ రకమో కూడా చూడండి. ఇంటి స్థలమైతే సరే. కాగితంలో సావా, అంటే వరి మడి అని ఉంటే వదిలేయండి. సాగుభూమి యజమాని అదే మండలంలో నివసించాలనేది అక్కడి పాత నియమం, సొంత పౌరులకూ వర్తిస్తుంది. హైదరాబాద్‌లో ఉండే మీ భార్య పేరున అది నిలవదు. ఊరి ఉద్యోగులకు జీతం బదులు ఇచ్చే బెంకోక్ భూమి అయితే దాన్ని ఎవరూ అమ్మలేరు, ఎంత చౌకగా చెప్పినా సరే.

మీరు పాత చెక్క ఇల్లు అన్నారు, బహుశా లిమాసన్ అయ్యుంటుంది. జోగ్లోలాగే అది కూడా జావా సంప్రదాయ చెక్క ఇల్లు. అక్కడి భూమి చట్టంలో స్థలం వేరు, దాని మీది కట్టడం వేరు. టేకు లిమాసన్లు, జోగ్లోలకు పట్నాల్లో గిరాకీ బాగా ఉంది. స్తంభాలు, దూలాలు విప్పి లారీల్లో తీసుకెళ్లి హోటళ్లలో నిలబెడతారు. స్థలం మీకు అమ్మి, ఇంటి చెక్కను ఇంకొకరికి అమ్మే యజమానులూ ఉన్నారు. స్తంభాలతో సహా ఇల్లు అమ్ముతున్నామని దస్తావేజులో రాయించండి. నేల తాకే చోట స్తంభం మొదలును మీ మామగారితో గోరుతో గీరి చూడమనండి. టేకైతే గట్టిగా ఉంటుంది, వేరే కర్రైతే చెదలు పట్టి పిండిలా రాలుతుంది. ఈ ఒక్క తేడా మీ 9 లక్షల మరమ్మతు లెక్కను తలకిందులు చేస్తుంది. ఇంకొకటి, క్లాటెన్ 2006 మే భూకంపంలో బాగా దెబ్బతిన్న జిల్లా. ఇటుక గోడలు కడితే కాంక్రీటు కాలమ్‌లు, బీములతో కట్టించండి. అక్కడ డబ్బు మిగుల్చుకోవద్దు.

ధర మీద పన్నులు కలపండి. కొనేవాళ్లు కట్టే పన్ను 5 శాతం. మొదటి 8 కోట్ల రూపియాల వరకు మినహాయింపు తీసేసినా మీకు సుమారు 73 వేల రూపాయలవుతుంది. అమ్మేవాళ్లు కట్టాల్సింది 2.5 శాతం. పల్లెల్లో చాలామంది తమ చేతికి ఇంత రావాలని అడిగి దాన్నీ కొనేవాళ్ల మీదే వేస్తారు. పీపీఏటీ ఫీజు 1 శాతం వరకు. అన్నీ కలిపి లక్షన్నర పక్కన పెట్టుకోండి.

ఇప్పుడు మన వైపు. విదేశాలకు డబ్బు పంపడానికి రిజర్వు బ్యాంకు ఎల్ఆర్ఎస్ పథకం కింద ఏడాదికి 2.5 లక్షల డాలర్ల పరిమితి ఉంది కాబట్టి మీకు అదేమీ అడ్డు కాదు. టీసీఎస్, అంటే పంపేటప్పుడే బ్యాంకు ముందుగా వసూలు చేసే పన్ను, మాత్రం ఉంది. ఒక ఆర్థిక సంవత్సరంలో 10 లక్షలు దాటిన మొత్తం మీద 20 శాతం బ్యాంకు పట్టుకుంటుంది. 28 లక్షలూ ఒకేసారి పంపితే 3.6 లక్షలు ఆగిపోతాయి. మార్చిలోపు సగం, ఏప్రిల్లో సగం పంపితే రెండు దఫాలూ కలిపి 1.6 లక్షలే. ఇది ఎక్కడికీ పోదు, రిటర్న్‌లో సర్దుబాటవుతుంది. మీ కంపెనీకి చెబితే జీతంలో కోసే టీడీఎస్ కూడా ఆ మేరకు తగ్గిస్తారు. ఫారంలో కారణం దగ్గర కుటుంబ పోషణ అని రాయమని ఎవరైనా చెబితే వినకండి. ఆస్తి కొనుగోలా, బంధువుకు బహుమతా అన్నది మీ బ్యాంకు ఫారెక్స్ విభాగంతో, సీఏతో మాట్లాడి ఉన్నది ఉన్నట్టు రాయండి. ఇలా ఆస్తి కోసం పంపే డబ్బుకు బ్యాంకులు అప్పు ఇవ్వకూడదు కాబట్టి పర్సనల్ లోన్ ఆలోచన అక్కడితో ఆపేయండి.

ఇల్లు కొన్నాక మీ భార్యకు ఇక్కడ ఆదాయం లేకపోయినా ఏటా రిటర్న్ వేయాలి. తను ఇక్కడే నివాసి కాబట్టి ఆ ఇంటిని, అక్కడి బ్యాంకు ఖాతాను విదేశీ ఆస్తుల షెడ్యూల్‌లో చూపించాలి. మరిచిపోతే నల్లధనం చట్టం కింద 10 లక్షల పెనాల్టీ పడొచ్చు. 19 లక్షల ఇంటికి అది ఎంత భారమో చూడండి.

మీ దగ్గర ఫండ్లు, ఎఫ్‌డీ కలిపి 24 లక్షలు ఉన్నాయి, ఇంటికి 28 కావాలంటున్నారు. అంటే కొన్న మర్నాడు మీ చేతిలో ఏమీ ఉండదు, మీద 38 లక్షల అప్పు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్న టెన్షన్ మీకు తెలియనిది కాదు. ఎఫ్‌డీ 10 లక్షలను ముట్టుకోకండి, అది కుటుంబానికి అత్యవసర నిధి. నెలకు 25 వేలు విడిగా పక్కన పెట్టండి, మూడేళ్లలో వడ్డీతో కలిపి 10 లక్షలవుతుంది. ఫండ్లలోంచి అప్పుడు పదిన్నర లక్షలు తీయొచ్చు. ఆ ఇరవైన్నర లక్షలతో పన్నులతో సహా స్థలం కొని, మరమ్మతు రెండు మూడేళ్లలో కొంచెం కొంచెంగా చేయించుకోండి. పల్లెల్లో అందరూ అలాగే చేస్తారు. కాగితాల పనికి కూడా ఈ సమయం పడుతుంది. ఈలోపు ఈ స్థలం చేజారితే చేజారనివ్వండి. మీ అత్తగారి ఊళ్లో అమ్మకానికొచ్చే చివరి స్థలం ఇది కాదు.

మామగారి పెరట్లోనే ఒక గది కట్టుకోమని వాళ్లంటే చవకే, కానీ ఆ నేల రేపు అందరు పిల్లలదీ. మీ భార్య వాటాను ఆయన బతికుండగానే పీపీఏటీ ముందు దానపత్రం ద్వారా విడగొట్టి రాస్తే తప్ప పెద్ద మొత్తం పెట్టొద్దు. ఆస్తుల ఒప్పందం దీనికీ ముందే పూర్తి కావాలి.

ఈ మూడేళ్లలో ఒకసారి నెలా రెండు నెలలు అద్దెకు ఉండి చూడండి. అక్కడ ఇళ్లను కాంట్రాక్ అని ఏడాదికి ఇస్తారు, అద్దె మొత్తం ముందే కట్టాలి. మీకు వీసా ఆన్ అరైవల్ 5 లక్షల రూపియాలు, 30 రోజులు, ఒకసారి పొడిగించుకోవచ్చు. దాని మీద పని చేయకూడదు. వెళ్లిన రోజే మీ భార్య ఆ వీధి పెద్ద, పాక్ ఎర్తే, ఇంటికెళ్లి మీరొచ్చిన సంగతి చెబుతుంది. 24 గంటల్లో చెప్పాలన్నది ఊరి కట్టుబాటు. ఊళ్లో పెళ్లి, సున్తీ, స్లామెతాన్ అనే ప్రార్థన విందు, ఏది జరిగినా కవరు ఇవ్వాలి. రాత్రి గస్తీకి, వీధి శుభ్రతకు మగవాళ్లు రావాలి, రాలేని ఇల్లు ఎంతో కొంత ఇస్తుంది. లెబారాన్ (రంజాన్) పండక్కి వెళితే చుట్టాల పిల్లలందరికీ కొత్త నోట్లు పంచాలి, ఆ వారం విమాన టికెట్లు మండిపోతాయి. ఈ ఖర్చులను బడ్జెట్‌లో ఒక వరసగా రాసుకోండి. ఊరు మిమ్మల్ని తనవాళ్లుగా చూడాలంటే పెట్టాల్సిన ఖర్చు ఇది, ఇందులో పిసినారితనం చూపకండి.

రిటైరయ్యాక ఉండటానికి మీ భార్య స్పాన్సర్‌గా కితాస్, అంటే తాత్కాలిక నివాస అనుమతి, తీసుకోవచ్చు. పన్నెండు నెలల్లో 183 రోజులు దాటితే అక్కడ పన్ను చెల్లింపుదారు అవుతారని గుర్తుంచుకోండి. ఇక్కడి హెల్త్ పాలసీలు మామూలుగా అక్కడి వైద్యానికి పనికిరావు. పెద్ద వైద్యానికి సోలో, యోగ్యకర్తా లాంటి దగ్గరి నగరాలకు వెళ్లాల్సి రావచ్చు. దానికి విడిగా నిధి కావాలి.

బావమరిదికి ఏం చెప్పాలన్నది మీకు ఇబ్బందిగా ఉండొచ్చు. ఆ మాట మీరు కాక మీ భార్య చెబితే బాగుంటుంది: “నా పేరు మీదే కొంటున్నాం తమ్ముడూ, కాగితాలు సరిచేసుకుంటున్నాం, నోటారిస్ దగ్గరికి నువ్వూ తోడు రా.” మేం లేనప్పుడు ఇంటి తాళం, పెరడు, ఏడాది పన్ను నువ్వే చూసుకోవాలని కూడా అడగమనండి. దానికి ఏటా కొంత మొత్తం అనుకుని ఇవ్వండి. మూసి ఉన్న చెక్క ఇంటికి వానాకాలంలో కిటికీలు తీసేవాళ్లు ఒకరు కావాలి.