జార్జ్ లూయిస్‌ను ఎక్కడి నుంచి వినడం మొదలుపెట్టాలి?

జాజ్ క్లారినెట్ అనగానే అందరూ బెన్నీ గుడ్‌మన్ పేరే చెబుతున్నారు, జాజ్ పుట్టిన అమెరికా నగరం న్యూ ఆర్లీన్స్ పాత బాణీలో ఎవరిని వినాలి అని మీరు అడిగారు. నేనైతే జార్జ్ లూయిస్ అంటాను. క్లారినెట్ నేర్చుకునే రోజుల్లో నా ధ్యాసంతా వేళ్ల వేగం మీదే ఉండేది. దాన్ని నాదం మీదికి మళ్లించింది ఆయన వాయిద్యమే.

1900లో న్యూ ఆర్లీన్స్‌లో పుట్టారు. క్లారినెట్ ఎవరి దగ్గరా కూర్చుని నేర్చుకోలేదు, సొంతంగా పట్టుకున్నారు. నలభై ఏళ్లు దాటాక కూడా పొట్ట గడవడానికి పగలు రేవులో హమాలీ పని చేసేవారు. 1944లో ఆ రేవులోనే ప్రమాదం జరిగి ఛాతీకి పెద్ద దెబ్బ తగిలింది. ఇంట్లో మంచం మీద ఉండి కోలుకుంటుంటే, బిల్ రసెల్ అనే అభిమాని రికార్డింగ్ మెషీన్ అక్కడికే తెచ్చారు. పక్కన లారెన్స్ మరేరో బాంజో, 'స్లో డ్రాగ్' పవాజో బాస్, అంతే. డ్రమ్స్ లేవు, ట్రంపెట్ లేదు. 'బర్గండీ స్ట్రీట్ బ్లూస్' అలా పుట్టింది.

మీరు ముందు వినాల్సింది అదే. ఒకే వరస మళ్లీ మళ్లీ వస్తుంది, ప్రతిసారీ ఏదో కొంచెం మారుతుంది. దాంతో పాటు వాయించి చూశాను. స్వరాలు త్వరగానే చేతికొచ్చాయి. కానీ ఒక్కో స్వరాన్ని కింది నుంచి జారుస్తూ అందుకోవడం, చివర్లో సన్నగా వణికించి వదలడం మాత్రం ఇప్పటికీ పూర్తిగా రాలేదు. అది వేళ్ల పని కాదు, పెదవి పట్టు, ఊపిరి. ఆయన శ్రుతి అక్కడక్కడా పక్కకు పోతుందని విమర్శించేవాళ్లున్నారు. పోతుంది, నిజమే. నాకైతే ఆ నాదం ముందు అది పెద్ద లోపంగా అనిపించదు.

ఆ తర్వాత ఆయన దశ తిరిగింది. 1945లో ట్రంపెట్ వాద్యకారుడు బంక్ జాన్సన్ బ్యాండ్‌తో న్యూయార్క్ వెళ్లారు, 1957లో ఇంగ్లండ్, 1960లలో జపాన్. వెళ్లిన చోటల్లా కుర్రాళ్లు ఆ బాణీని పట్టుకుని సొంత బ్యాండ్లు పెట్టుకున్నారు. సినిమా దర్శకుడు వుడీ ఆలెన్ క్లారినెట్‌లో కూడా ఆ ప్రభావమే వినిపిస్తుంది. 1961లో న్యూ ఆర్లీన్స్‌లో మొదలైన జాజ్ వేదిక ప్రిజర్వేషన్ హాల్‌లోనూ వాయించిన లూయిస్ 1968 చివరి రోజున కన్నుమూశారు.

రెండో విడతగా 1950లలో ఆయన సొంత బ్యాండ్‌తో చేసిన రికార్డులు వినండి. ట్రంపెట్ పాటను నడిపిస్తుంటే, కింద జిమ్ రాబిన్సన్ ట్రాంబోన్ మోగుతుంటే, క్లారినెట్ ఎవరికీ అడ్డు రాకుండా పైనుంచి ఎలా అల్లుకుంటుందో దాని మీదే చెవి పెట్టండి. ఆయన సోలోల కన్నా నాకు అదే ఎక్కువ ఇష్టం.