ఒరేయ్ చిన్నా, ఏ ప్యానెల్ దగ్గర నవ్వొచ్చిందో చెప్పు

ఒరేయ్ చిన్నా,

నువ్వు పంపిన నోట్స్ మొత్తం చదివాన్రా, మొన్న 28 నంబర్ బస్సులో సింహాచలం నుంచి బీచ్‌కి వస్తూ. పదకొండు కామిక్స్ గురించి రాశావు, తొమ్మిదింటికి "సూపర్ ఫన్నీ", రెండింటికి "చెత్త". ఇదేటిరా, బిర్యానీకి రేటింగ్ ఇస్తున్నావా? కామిక్ ఎలా ఉందో తర్వాత చూద్దాం, చదువుతుంటే నీకేమైందో ముందు అది రాయి.

నవ్వొచ్చిన ప్యానెల్ దగ్గర, అదే ఆ బొమ్మ గడి దగ్గర, ఆగు. నవ్వు మాటకొచ్చిందా, బొమ్మకొచ్చిందా, రెండు ప్యానెళ్ల మధ్య ఏమీ గీయకుండా వదిలేశారే దానికొచ్చిందా. ఎక్స్‌కేసీడీ అని ఇంటర్నెట్ కామిక్ ఉంది కదా, 2005 నుంచి వస్తోంది, అందులో మనుషులకి మొహాలే ఉండవు, ఉత్త పుల్లల బొమ్మలు, అయినా వాడు సిగ్గుపడుతున్నాడని నాకు తెలిసిపోతుంది, తల కాస్త వంచి గీస్తాడు అంతే. అలాంటిది దొరికితే అర పేజీ రాయి. అన్నట్టు బొమ్మ మీద మౌస్ పెడితే ఇంకో జోకు కనిపిస్తుంది, అది చూడకపోతే నా లెక్కలో సగమే చదివినట్టు.

పాత అండర్‌గ్రౌండ్ కామిక్స్, అదే పెద్ద పబ్లిషర్లతో పని లేకుండా సొంతంగా వేసుకున్నవి, వాటి దగ్గరే అసలు కష్టం. 1954లో అమెరికా పబ్లిషర్లు ఏం వేయొచ్చో ఏం వేయకూడదో కామిక్స్ కోడ్ అని రూల్స్ పెట్టుకుని బొమ్మల పుస్తకాలకి గంజి పెట్టి ఇస్త్రీ చేసేశారు, ఆ ఉక్కపోతంతా 1968లో రాబర్ట్ క్రంబ్ అనే కార్టూనిస్టు వేసిన జాప్ కామిక్స్‌లో బయటపడింది, శాన్ ఫ్రాన్సిస్కో వీధుల్లో పిల్లల తోపుడు బండిలో పెట్టుకుని అమ్మారట మొదట్లో. ఆ గీత చూస్తే మతిపోతుంది, ఆ గీతతోనే ఆడవాళ్లని గీసిన తీరు చూస్తే కడుపులో తిప్పుతుంది. నేనైతే నాలుగు పేజీలకే మూసేసి మీ మావయ్య చూస్తారని పైన చీర కప్పేశాను, మళ్లీ సాయంత్రం నేనే తీశాను. రెండూ రాసుకున్నాను, తిట్టిందీ, తీసిందీ. ఒకటి దాచి ఒకటి రాస్తే అబద్ధమైపోతుంది. ట్రీనా రాబిన్స్ అని బొమ్మలేసే ఒకావిడ ఇలాంటివి చూసి చూసి 1970లో ఆడవాళ్లందర్నీ కూడగట్టి ఇట్ ఎయింట్ మీ బేబ్ అని సొంత కామిక్కే వేసేసింది. అదీ రెస్పాన్సేరా.

నాకు మాత్రం హార్వీ పీకర్ కావాలి. క్లీవ్‌లాండ్‌లో ఆస్పత్రి ఫైల్ క్లర్కు, బొమ్మలు రావు, పుల్లల బొమ్మలేసి క్రంబ్ లాంటి ఫ్రెండ్స్ చేత గీయించుకున్నాడు, 1976లో అమెరికన్ స్ప్లెండర్ సొంత డబ్బుతో వేశాడు. సూపర్‌మార్కెట్ క్యూలో ముందు ముసలమ్మలుంటే ఎంత విసుగో దానికో కథ ఉంది. నేనూ ముప్ఫై ఏళ్లు ఫైళ్లు మోసినదాన్ని కదా, పీకర్ పక్క సీటులో కూర్చున్నట్టే పడీ పడీ నవ్వాను. మర్నాడు సీతమ్మధార రైతుబజార్‌లో ఒక్కో వంకాయా తిప్పి తిప్పి చూస్తుంటే వెనకాల కుర్రాడు "ఉఫ్" అన్నాడు. ఓర్నాయనో, ఆ ముసలమ్మ ఇప్పుడు నేనే! ఇంటికొచ్చి తేదీ వేసి అదే రాశాను, ఇంకేం రాయలేదు.

నువ్వు ముందు ఆ రెండు "చెత్త"లు మళ్లీ తెరువు. ఎన్నో ప్యానెల్‌లో మూసేశావో చూసి పంపు. ఆదివారం బీచ్‌కొస్తే మురీ మిక్చర్ నేనే కొంటాను, ఉల్లిపాయ ఎక్కువేయిద్దాం.

అత్త