యువరాణి ‘వియ్యమందుతుందా’?

సందేహం: తరతరాల పగ ఉన్న రెండు రాజ్యాలను కల్పించి ఒక ప్రేమనవల రాస్తున్నాను. యుద్ధం ఆపడం కోసం పెద్దలు ఒక రాజ్యపు యువరాణిని రెండో రాజ్యపు యువరాజుకు ఇస్తారు. ఇద్దరికీ ఇష్టం ఉండదు. ‘యువరాణి శత్రు యువరాజుతో వియ్యమందింది’ అని రాస్తే, అది తప్పనీ, ‘యువరాజును వరించింది’ అని దిద్దుకొమ్మనీ ఒక మిత్రుడు అన్నాడు. ఏది సరి?

సమాధానం: మీ మిత్రుడు తప్పును సరిగానే పట్టుకున్నారు గాని, ఆయన సూచించిన మాట మీ కథకు మరింత దూరమైనది.

వియ్యము అంటే పెండ్లి కాదు, పెండ్లి మూలంగా రెండు కుటుంబాల నడుమ ఏర్పడే బంధుత్వం. వధూవరుల తల్లిదండ్రులు ఒకరికొకరు వియ్యంకులు, వియ్యపురాండ్రు అవుతారు. వధూవరులు మాత్రం ఎన్నటికీ కారు. కాబట్టి ‘రెండు రాజవంశాలు వియ్యమందాయి’ అన్నా, ‘మహారాజు తన పగవానితో వియ్యమందాడు’ అన్నా నిర్దుష్టమే. యువరాణిని కర్తగా పెట్టినప్పుడే వాక్యం చెడుతుంది. ‘కయ్యానికైనా వియ్యానికైనా సమ ఉజ్జీ ఉండాలి’ అనే సామెతలో కయ్యానికి జతగా పెళ్లి అనక వియ్యమే అనడానికి ప్రాస ఒక్కటే కారణమని నేను అనుకోను. నిన్నటిదాకా కత్తులు దూసుకున్న ఆ ఇద్దరు పెద్దలే నేడు తాంబూలాలు పుచ్చుకుంటారు గనుక, ఆ రెండు మాటలకూ కర్తలు ఒకరే.

చరిత్రలో దీనికి చక్కని ఉదాహరణ విజయనగర ప్రభువు శ్రీకృష్ణదేవరాయలు, కటకం రాజధానిగా ఒడిశాను ఏలిన ప్రతాపరుద్ర గజపతుల సంధి. 1513లో ఉదయగిరి ముట్టడితో మొదలై, 1515లో కొండవీటిని లోబరచుకొని, సింహాచలం దాకా సాగిన ఆ దండయాత్ర చివరకు గజపతి తన కూతురిని రాయలకు ఇవ్వడంతో, రాయలు కృష్ణకు ఉత్తరాన తాను గెలిచిన సీమలను తిరిగి అప్పగించడంతో ముగిసింది. ఇక్కడ ‘విజయనగరం కటకంతో వియ్యమందింది’ అనవచ్చు. కాని ‘గజపతి రాయలకు వియ్యంకుడయ్యాడు’ అనరాదు. పెళ్లికొడుకు రాయలే గనుక గజపతి ఆయనకు పిల్లనిచ్చిన మామ. మీ నవలలో యువరాజు తండ్రి జీవించి ఉన్నాడా, లేక యువరాజే గద్దె మీద ఉన్నాడా అన్నదాన్ని బట్టి ఈ వరుస మారుతుంది. చారిత్రక నవలలు రాసేవారు సైతం ఇక్కడ పొరబడుతుంటారు కాబట్టి ఇంతగా చెప్పవలసి వచ్చింది.

వియ్యమందినంత మాత్రాన కయ్యం తీరదు. విజయనగర రాజు మొదటి దేవరాయలు ఓడి తన కూతురిని బహమనీ సుల్తాను ఫిరోజ్ షాకు ఇచ్చి, బంకాపురం కోటను కట్నంగా ముట్టజెప్పాడనీ, వేడుకల తరువాత అల్లుణ్ణి అతని విడిదిదాకా సాగనంపక నడిదారిలోనే వెనుదిరిగాడనీ, ఆ అమర్యాదకు సుల్తాను మనసు విరిగిందనీ చరిత్రకారుడు ఫెరిష్తా రాశాడు. మర్యాదల పట్టింపు వియ్యం అనే మాటలోనే ఇమిడి ఉంది. మీ కథకు అది ఎంతో పనికివస్తుంది.

ఇక ‘వరించు’ సంగతి. వరించడమంటే కోరి ఎంచుకోవడం. స్వయంవరంలో దేవతలను కాదని దమయంతి నలుణ్ణి వరించింది. ‘విజయం వరించింది’ అని పత్రికలు రాసినప్పుడు కూడా, విజయం తానై కోరి వచ్చిందనే భావం. ఇష్టం లేకుండా పీటల మీద కూర్చున్న మీ యువరాణి వరించలేదు. ‘యువరాణిని శత్రు యువరాజుకు ఇచ్చి పెళ్లి చేశారు’ అనండి. ఆ ‘ఇచ్చి’ అనే క్రియకు కర్తలు పెద్దలు, యువరాణి కర్మ. ఆమె అప్పటి నిస్సహాయత అంతా ఆ వ్యాకరణంలోనే పలుకుతుంది. ఆమెనే కర్తగా ఉంచదలిస్తే ‘పెళ్లాడింది’ చాలు, అది ఇష్టాయిష్టాలను చెప్పదు. ‘వరించింది’ అనే మాటను మాత్రం, పెళ్లయిన చాలాకాలానికి ఆమె మనసు భర్త వైపు మొగ్గే ఘట్టం కోసం దాచుకోండి.